పాత రైలు కట్టను సైకిల్ బాటగా మార్చాలంటే: ముందు నేల, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే బాట

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ విషయం. మూతపడి చాలా ఏళ్ళయిన సింగిల్ లైను, దాదాపు 20 కిలోమీటర్లు ఉంది. పట్టాలు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల ఎత్తుకెళ్ళారు. మధ్యలో ఒక సొరంగం, ఒక పెద్ద వంతెన, నాలుగైదు చిన్న వంతెనలు ఉన్నాయి. ఒకచోట రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రైలు వంతెన తీసేశారు. దీన్ని నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ అందమైన బాటగా మార్చాలని కమిటీ వేసుకున్నారు. పైన తారు వేయాలా, రాతి పొడి పరవాలా, పక్క పొలాలవాళ్ళు ఒప్పుకోకపోతే ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఈ పనుల్లో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. మీరు మొదట అడిగిన పైపొర సంగతి నిజానికి చివర్లో తేల్చుకోవాల్సింది. ముందు తేలాల్సింది ఒక్కటే: ఆ 20 కిలోమీటర్లు ఇప్పటికీ ఒకే ముక్కగా ఉన్నాయా?

రైలు మార్గంలో మనకు విలువైనది ఇనుము కాదు, దాని వాలు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. ఎత్తు ఎక్కువైతే చక్రం అక్కడే తిరుగుతుంది గానీ బండి కదలదు. అందుకే పాత ఇంజనీర్లు గుట్టలు తొలిచి, పల్లాలు పూడ్చి, సాధారణంగా 100 మీటర్లకు ఒక మీటరు, కొండల్లో అయితే సుమారు రెండు మీటర్లు మాత్రమే ఎక్కేలా దారి వేశారు. ఆ వాలు మీద ఎనిమిదేళ్ళ పిల్ల, మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ముగ్గురూ ఒకే బాటలో వెళ్ళగలరు. కొండ ప్రాంతంలో అలాంటి దారిని ఇవాళ కేవలం షికారు కోసం కొత్తగా వేస్తామంటే డబ్బు ఇచ్చేవాళ్ళు దొరకరు. తాతల కాలంలో ఎవరో చేసిపెట్టిన కష్టం అది. దాన్ని తెగిపోకుండా చూసుకోవడమే మీ కమిటీ అసలు పని.

తెగడం అంటే ఏమిటో చెప్తాను. 20 కిలోమీటర్లలో 19 ముప్పావు మీ చేతికి వచ్చి, మధ్యలో ఒక పావు కిలోమీటరు మీద ఎవరో గోదాం కట్టేశారనుకోండి. అక్కడ సైకిళ్ళు లారీలు తిరిగే రోడ్డు మీదికి దిగాలి. అలవాటున్నవాళ్ళు దిగుతారు. పిల్లలతో వచ్చిన కుటుంబం అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ రాదు. కాగితం మీద పోయింది పావు కిలోమీటరే అయినా, జనం వాడుకలో మీకు మిగిలేది రెండు చిన్న బాటలు. కాబట్టి డిజైను బొమ్మలు గీయించడానికి ముందే భూమి రికార్డులు తీయించండి. రైల్వే ఆ నేలను సొంతంగా కొన్నదా, లేక దారి హక్కు మాత్రమే తీసుకుందా అన్నది ప్రతి సర్వే నంబరుకూ విడిగా తేలాలి. దారి హక్కు మాత్రమే అయితే, లైను వదిలేసిన రోజున ఆ హక్కు రద్దయి నేల పాత యజమానులకు తిరిగి వెళ్ళే ప్రమాదం ఉంటుంది.

అమెరికాలో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. అక్కడ 1983లో జాతీయ బాటల చట్టానికి సవరణ తెచ్చారు. భవిష్యత్తులో మళ్ళీ రైలు అవసరం పడవచ్చు కాబట్టి మార్గాన్ని వదిలేసినట్టు కాకుండా దాచిపెట్టినట్టు లెక్కగట్టి, ఈలోగా బాటగా వాడుకోవచ్చని దాని సారాంశం. 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది, భూయజమానులకు నష్టం జరిగితే పరిహారం అడిగే దారి వేరే ఉందని కూడా చెప్పింది. మిసోరీ రాష్ట్రంలో సుమారు 386 కిలోమీటర్ల కేటీ బాట ఈ సవరణ వల్లే నిలబడింది. మీ దేశపు చట్టంలో ఇలాంటి వెసులుబాటు ఉందేమో తెలిసిన వకీలును అడగండి. లైను మూసివేత కాగితాలు ఇంకా పూర్తికాకపోతే అదే మంచి సమయం. పూర్తయ్యాక ముక్కలు ముక్కలుగా కొనుక్కోవడం చాలా కష్టం.

నేల హక్కు ఎంత విచిత్రంగా ఉండగలదో చూడాలంటే వెన్‌బాన్ ఉంది. జర్మనీలోని ఆకెన్ నుంచి బెల్జియం మీదుగా లక్సెంబర్గ్ దాకా 125 కిలోమీటర్ల బాట అది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ రైలు కట్టను బెల్జియానికి ఇచ్చారు. దాంతో జర్మనీ నేల కొన్నిచోట్ల కట్టకు అవతలపక్క విడి ముక్కలుగా ఉండిపోయింది. రైళ్ళు పోయి సైకిళ్ళు వచ్చినా సరిహద్దు మాత్రం ఇప్పటికీ ఆ సన్నటి కట్ట వెంటే నడుస్తోంది.

ఇక పక్క పొలాలవాళ్ళు. ఊరందరినీ పిలిచి పెద్ద మీటింగు పెట్టకండి, కనీసం మొదట్లో పెట్టకండి. మీటింగులో గట్టిగా మాట్లాడేవాళ్ళదే రాజ్యం. తర్వాత మనసు మారినా నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేరు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పొలం వెంబడి కట్ట మీద వాళ్ళతో కలిసి నడవండి. అక్కడే అసలు భయాలు బయటికొస్తాయి: పశువులను అవతలి మేతకు ఎలా తోలాలి, ట్రాక్టరు ఎక్కడ దాటాలి, పెరట్లోకి అందరూ తొంగిచూస్తారేమో, కుక్కలను వదిలేస్తారేమో, ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే కేసు నామీదకొస్తుందా? వీటిలో ప్రతిదానికీ సమాధానం ఉంది. గేటు, కట్ట కింద దారి, ఇంటి ఎదురుగా నాటిన గుబురు కంచె, కమిటీ పేరు మీద బీమా. ఏది ఒప్పుకున్నా అక్కడికక్కడే రాసి ఇవ్వండి. ఐర్లాండ్ పశ్చిమ తీరంలో వెస్ట్‌పోర్ట్ నుంచి ఆకిల్ వరకు ఉన్న గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే, 1937లో మూతపడిన లైను మీద వచ్చింది. ఆ నేల చాలావరకు రైతుల చేతుల్లోకి వెళ్ళిపోయినా, వాళ్ళ అనుమతి మీదే బాట వేయగలిగారు. బలవంతంగా తీసుకుని ఉంటే ఆ సామరస్యం ఉండేది కాదని నా నమ్మకం. అయితే అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగేది. కాబట్టి సొరంగం, పెద్ద వంతెన ఉన్నచోట మాత్రం దీర్ఘకాల హక్కు లేకుండా డబ్బు పెట్టవద్దు.

మీ కమిటీ చిన్నదని దిగులు పడకండి. 1963లో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, మూతపడిన ఒక లైనును నడక బాటగా మార్చాలని షికాగో ట్రిబ్యూన్ పత్రికకు ఉత్తరం రాశారు. ఇల్లినాయ్ ప్రెయరీ బాట అక్కడి నుంచే మొదలైంది.

నేల సంగతి తేలాక చూడాల్సింది నీళ్ళు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

రైళ్ళు తిరిగిన రోజుల్లో గ్యాంగ్‌మెన్ (లైను బాగోగులు చూసే కూలీలు) ఏడాది పొడవునా చేసిన పనిలో పెద్ద భాగం పక్క కాలువలు తీయడం, తూములు శుభ్రం చేయడం. లైను మూతపడిన రోజున ఆ పని ఆగిపోయింది. అప్పటినుంచి ఆకులు, మట్టి, చెట్ల వేర్లు కాలువలను పూడ్చేస్తూనే ఉన్నాయి. గుట్టను తొలిచి వేసిన కటింగులో రెండు పక్కల నుంచీ ఊట వస్తుంది. కాలువ పూడిపోతే ఆ నీళ్ళు పోయే దారిలేక బాట మధ్యలోనే నిలబడతాయి. కట్ట మీద పరిస్థితి వేరు. అక్కడ తూము మూసుకుపోతే ఎగువ పక్క నీళ్ళు చెరువులా నిలిచి, మట్టి నానిపోయి, ఒకరోజు కట్ట జారుతుంది. కట్టలు తెగినచోట చాలావరకు కారణం ఇదే.

అందుకని పెద్ద వాన పడ్డ మర్నాడు గంబూట్లు వేసుకుని లైను మొత్తం నడవండి. ఎండాకాలంలో ఇంజనీరు చేసే సర్వే కంటే ఆ నడక ఎక్కువ చెబుతుంది. ప్రతి తూము దగ్గర కిందికి దిగి రెండు నోళ్ళూ చూడండి. ఎగువ నోట్లోకి నీళ్ళు వెళ్తున్నాయా, దిగువ నోట్లోంచి అంతే వస్తున్నాయా? ఎక్కువ వెళ్ళి తక్కువ వస్తుంటే మిగతా నీళ్ళు లోపల ఎక్కడో కట్టను తింటున్నాయని అర్థం. దిగువ పక్క బురద రంగు నీళ్ళు వస్తుంటే ఇంకా కంగారు పడాలి, అది కట్ట మట్టే. ఇటుక తూముల్లో పైకప్పు ఇటుకలు ఊడి కింద పడి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. లోపలికి మాత్రం ఒంటరిగా దూరకండి. ప్రతిదానికీ ఒక నంబరు, ఫోటో, పక్కనే ఉన్న కిలోమీటరు రాయి గుర్తు రాసుకోండి. మీ ప్రాజెక్టుకు ఇంతకంటే విలువైన కాగితం ఇంకొకటి ఉండదు.

తూములకు పెట్టిన డబ్బు ఎవరికీ కనబడదు. రిబ్బన్ కత్తిరించే రోజున పెద్దమనుషులు తూము ముందు ఫోటో దిగరు. అందుకే దాతలు, అధికారులు బెంచీలకు, తోరణాలకు ఒప్పుకున్నంత తేలిగ్గా దీనికి ఒప్పుకోరు. మీరు మాత్రం పట్టుబట్టాలి.

ఇప్పుడు కంకర. పట్టాలు తీశాక మిగిలే కంకర మీద సైకిలు తొక్కలేరు. ఆ రాళ్ళు రెండున్నర నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దాకా ఉంటాయి. కోసుగా, ఒకదానికొకటి పట్టుకునేలా కొట్టినవి. సన్న టైరు వాటి మధ్య దిగబడుతుంది, నడిచేవాళ్ళకు చీలమండ మెలిక పడుతుంది. కానీ దాన్ని ఎత్తిపారేయకండి. గ్రేడర్‌తో సమంగా లాగి, రోలర్‌తో తొక్కిస్తే అదే మంచి పునాది, నీళ్ళు కిందికి దిగిపోతాయి. పట్టాల కాంట్రాక్టరు ఇనుముతోపాటు కంకర కూడా తీసుకెళ్తానంటే ఒప్పుకోవద్దు. రెండు పక్కలా కాలువలు, పాత గుర్తులు పాడుచేయకుండా పని చేయాలని ఒప్పందంలో రాయించండి. ఇనుము అమ్మితే వచ్చే డబ్బు బాటకే చెందేలా మాట్లాడుకోండి.

చెక్క స్లీపర్లతో (పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు) జాగ్రత్త. అవి కుళ్ళకుండా క్రియోసోట్ అనే తారులాంటి నూనె పట్టించినవి. అది క్యాన్సర్ కారకం. చలి కాచుకోవడానికి, వంటకు అసలు కాల్చకూడదు. పిల్లలు ఆడుకునేచోట, కూరగాయల మడుల అంచులకు వాడకూడదు. చాలా దేశాల్లో పాత లైన్ల వెంట గడ్డి చావడానికి ఆర్సెనిక్ ఉన్న మందులు కొట్టారు. ఇంజన్ల బూడిద పోసిన యార్డులు కూడా ఉంటాయి. స్టేషన్, యార్డు ఉన్నచోట మట్టి పరీక్ష తప్పనిసరి. తేడా ఉంటే ఆ మట్టిని తవ్వి అటూ ఇటూ వేయకుండా నిపుణుల సలహాతో పైన గట్టి పొర వేసి మూసేయవచ్చు.

మీరు ఎదురుచూస్తున్న పైపొర. నా ఓటు ఊళ్ళ దగ్గర తారుకు, మిగతా చోట మెత్తటి క్రషర్ డస్ట్‌కు, అంటే మీరడిగిన రాతి పొడికి. గట్టిపడ్డ కంకర మీద 10 నుంచి 15 సెంటీమీటర్ల చిన్న రాయి, దానిమీద 5 సెంటీమీటర్ల డస్ట్, నీళ్ళు చల్లుతూ రోలర్. పొడిగా తొక్కిస్తే అది ఎప్పటికీ గట్టిపడదు, దుమ్ముగానే ఉంటుంది. మధ్యలో ఎత్తుగానో, ఒక పక్కకు వాలుగానో 2 శాతం ఇవ్వండి. అంటే ఒక పక్కకు వాలిస్తే 3 మీటర్ల వెడల్పుకు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు 6 సెంటీమీటర్లు. కంటికి కనబడదు, నీళ్ళకు మాత్రం తెలుస్తుంది. అమెరికాలో రైలు బాటలకు ఆద్యమైన ఎల్‌రాయ్-స్పార్టా బాట 1967లో తెరిచారు. అది సున్నపురాయి పొడి మీదే నడుస్తోంది. రైలు వాలు తక్కువ కాబట్టి అక్కడ డస్ట్ కొట్టుకుపోదు. కానీ మీ దగ్గర వంతెన తీసేసినచోట రోడ్డు మీదికి దిగే ర్యాంపులు కొత్తగా కడతారు కదా, వాటి వాలు తప్పకుండా ఎక్కువ ఉంటుంది. అక్కడ డస్ట్ వేస్తే మొదటి వానకే చారలు పడుతుంది. ర్యాంపులకు తారో, కాంక్రీటో వేయండి. చక్రాల కుర్చీలకు, స్కేటింగ్ చేసే పిల్లలకు తారు బాగుంటుంది, ఒప్పుకుంటాను. దాని ఇబ్బంది చెట్ల వేర్లు. కింద నుంచి ఉబ్బించి పగలగొడతాయి, ఆ పగులు బాగుచేయడం డస్ట్ సర్దినంత సులువు కాదు.

వెడల్పు 3 మీటర్ల కంటే తగ్గించవద్దు. సింగిల్ లైను కట్ట పైభాగం సాధారణంగా 5, 6 మీటర్లు ఉంటుంది కాబట్టి చోటు ఉంది. ఊరి దగ్గర జనం ఎక్కువైతే 4 మీటర్లు. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇరుకుదనం వల్ల వచ్చేవే, బోర్డులు పెడితే పోవు.

వంతెనల బలం గురించి జనం అనవసరంగా భయపడతారు. ఇంజన్లు మోసిన వంతెనకు సైకిళ్ళ బరువు లెక్క కాదు. చూడాల్సింది తుప్పు, బేరింగులు (దూలాలు స్తంభాల మీద ఆనేచోట ఉండే దిమ్మెలు), రాతి కట్టడంలో ఊడిన సున్నం, అన్నిటికంటే ముఖ్యంగా నీటి కింద స్తంభాల పునాది దగ్గర కోత. దీనికి అర్హతగల బ్రిడ్జి ఇంజనీరు తప్పనిసరి. పైన పలకలు వేసేటప్పుడు బాటకు అడ్డంగా వేయించండి, నిలువుగా వేస్తే రెండు పలకల సందులో టైరు ఇరుక్కుని మనిషి తలకిందులవుతాడు. రెయిలింగు 1.4 మీటర్ల ఎత్తు ఉండాలి, సైకిలు మీద కూర్చున్న మనిషి బరువు పైన ఉంటుంది కాబట్టి నడుము ఎత్తు కంచె చాలదు. ఇంకొక చిన్న విషయం: కట్ట మట్టి కాలక్రమేణా కుంగుతుంది, వంతెన కుంగదు. రెండూ కలిసేచోట చిన్న మెట్టు ఏర్పడుతుంది. ప్రారంభించాక మొదటి ఏడాది అక్కడ రెండుసార్లయినా డస్ట్ పోసి సర్దాలి. చెక్క వంతెనలైతే నిప్పు గురించి ఆలోచించండి. కెనడాలోని మైరా కాన్యన్‌లో 2003 కార్చిచ్చుకు 18 పాత రైలు వంతెనల్లో 12 కాలిపోయాయి, తిరిగి కట్టి 2008లో తెరిచారు.

సొరంగాన్ని మాత్రం తప్పించుకు పోవాలని చూడకండి. ఇంగ్లండ్‌లో మాన్సల్ బాట 1968లో మూతపడిన లైను మీద ఉంది. సొరంగాలు భద్రం కావని ఏళ్ళ తరబడి మూసి ఉంచారు. జనం కొండ చుట్టూ తిరిగే నిటారు కాలిబాటల్లో వెళ్ళాల్సి వచ్చేది, సైకిలు, చక్రాల కుర్చీ వెళ్ళే వీలులేదు. 2011లో నాలుగు సొరంగాలు బాగుచేసి తెరిచాకే అది అందరి బాట అయింది. లైట్ల విషయంలో ఒకే పద్ధతి లేదు. బాత్ నగరం దగ్గర కూమ్ డౌన్ సొరంగం 1,672 మీటర్లు, లైట్లు పెట్టి 2013లో తెరిచారు. అమెరికాలో హయవాతా బాట మీదున్న టాఫ్ట్ సొరంగం రెండున్నర కిలోమీటర్లకు పైనే, లోపల లైట్లు లేవు, ఎవరి దీపం వాళ్ళు తెచ్చుకోవాలి. ఎల్‌రాయ్-స్పార్టాలో సొరంగంలోకి రాగానే సైకిలు దిగి నడిపించుకు వెళ్ళమంటారు. లైట్ల కంటే ముందు పైకప్పు పరీక్ష, పక్క కాలువ చేయించండి. ఎండలోంచి చీకట్లోకి వచ్చినప్పుడు కళ్ళు కొన్ని క్షణాలు పనిచేయవు కాబట్టి మొదటి ముప్పై నలభై మీటర్లలో గుంత గానీ, తడి గానీ అసలు ఉండకూడదు. గబ్బిలాలు ఉంటే వన్యప్రాణి అధికారులతో మాట్లాడకుండా ఒక్క తీగ కూడా లాగకండి. అవి నిద్రపోయే కాలంలో పని చేయకుండా, రాత్రి లైట్లు ఆపేసేలా ఏర్పాటు చేసుకుంటే మనుషులూ గబ్బిలాలూ ఇద్దరూ సర్దుకోగలరు.

బైకులు రాకుండా గేట్లు పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇరుకు గేటుకు బైకు ఆగుతుందో లేదో గానీ చక్రాల కుర్చీ, పిల్లల బండి, మూడు చక్రాల సైకిలు ఖాయంగా ఆగిపోతాయి. మధ్యలో ఒక స్తంభం, దానికి అటూ ఇటూ కనీసం ఒకటిన్నర మీటరు ఖాళీ చాలు. ఆ స్తంభానికి రాత్రి మెరిసే పట్టీ అంటించండి. అంబులెన్సు వచ్చినప్పుడు తాళం తీసి పడగొట్టేలా ఉండాలి.

అందం గురించి. రైలు కిటికీలోంచి కనబడిన దృశ్యాలు ఇప్పుడు చెట్ల వెనక ఉంటాయి. వాటిని మొత్తం నరికేయాలన్న తొందర వద్దు. ఆ నీడ, ఆ పక్షులు బాటకు సగం ఆస్తి. లోయ కనబడేచోట, వాగు మలుపు దగ్గర ఇరవై ముప్పై మీటర్లు మాత్రం కొమ్మలు తీసి కిటికీల్లా తెరవండి. పొడవైన తిన్నటి దారి విసుగు పుట్టించకుండా ఉండాలంటే ఆ కిటికీలు అన్నీ ఒకేచోట కాకుండా దారి పొడవునా అక్కడక్కడా ఉండాలి. కిలోమీటరు రాళ్ళు, సిగ్నల్ స్తంభాలు, ప్లాట్‌ఫాం అంచు రాళ్ళు ఏవీ కదిలించకండి. స్పెయిన్‌లో సియెర్రా హరిత బాట 36 కిలోమీటర్లు. కట్టడం మొదలుపెట్టి వదిలేసిన లైను అది, దానిమీద రైలు ఒక్కసారీ నడవలేదు. అయినా 30 సొరంగాలు, పక్కనే రాబందులు గూడుకట్టుకున్న కొండ ఉండడంతో జనం వెతుక్కుంటూ వెళ్తారు. న్యూజిలాండ్‌లో 1990లో మూతపడిన లైను మీద వచ్చిన ఒటాగో సెంట్రల్ బాట 152 కిలోమీటర్లు, 2000లో పూర్తిగా తెరిచారు. రైలు పోయి నీరసించిన చిన్న ఊళ్ళలో ఇప్పుడు బసలు, టీ దుకాణాలు దాని మీద బతుకుతున్నాయి. స్టేషన్ భవనం మీ చేతిలో ఉంటే మొదట మరుగుదొడ్లు, తాగునీరు పెట్టండి, మ్యూజియం తర్వాత చూడవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒక ఊరి నుంచి పెద్ద వంతెన దాకా వచ్చే నాలుగైదు కిలోమీటర్లు ఎంచుకుని దాన్ని పూర్తిగా, బాగా చేయండి. 20 కిలోమీటర్లు సగం సగం చేస్తే ఎవరికీ పనికిరాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్-బాత్ బాటను కూడా 1979 నుంచి 1986 దాకా ముక్కలు ముక్కలుగానే, చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలే వేశారు. పక్క రైతులు మొదటి ముక్క మీద జనం ఎలా నడుచుకుంటున్నారో చూస్తారు. మీరు చెప్పే మాటల కంటే అదే వాళ్ళను ఒప్పిస్తుంది. ఈలోగా మిగతా 15 కిలోమీటర్ల నేల మీద ఎవరూ కట్టడాలు లేపకుండా రికార్డుల్లో అడ్డుకట్ట వేయించండి. ఏటా కాలువలు, తూములు, గడ్డి కోతకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారో ప్రారంభోత్సవానికి ముందే సంతకం చేయించుకోండి, తర్వాత ఎవరూ చేయరు.

సొరంగం పొడవు, అది ఇటుకదా లేక తొలిచిన రాయా, లోపల ఊట ఎక్కడ వస్తోందో రాయండి. తీసేసిన వంతెన దగ్గర రోడ్డు వెడల్పు, కట్ట ఎత్తు కూడా కావాలి. అవి తెలిస్తే ర్యాంపు సరిపోతుందా, కొత్త కాలి వంతెన కావాలా అన్నది లెక్కగట్టి చెప్తాను.